మంచి లీడర్ అంటే ఎవరు? చెరువు కట్ట, జడ్చర్ల రైలు, దోమలపెంట సొరంగం

2025 డిసెంబర్‌లో తెలంగాణలో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్న ఊళ్లకు మళ్లీ సర్పంచ్‌లు వచ్చారు. అప్పటి నుంచి జడ్చర్లలో కూర్చున్నా, దేవరకొండలో కూర్చున్నా చాయ్ హోటల్లో ఒకటే ముచ్చట. కొత్తాయన మంచోడా, కాదా?

జడ్చర్లలో విన్న వాదన ఒకటి చెప్తాను. "ఫోన్ జేస్తె ఎత్తుతడు, గది చాలదా?" అన్నాడు ఒకాయన. "రేపు వానలకు కట్ట తెగితె ఫోన్ ఎత్తుడుతోటి ఆగుతదా?" అన్నాడు పక్కాయన. మూడో ఆయన గ్లాసు కింద పెట్టి, "ఇవన్ని కాదు. పైసలు తినకపోతె చాలు" అని లేచి వెళ్లిపోయాడు.

ముగ్గురూ ఒకే మనిషి గురించి మాట్లాడారు గానీ కొలిచింది మాత్రం వేర్వేరు తూకపు రాళ్లతో. మొదటాయనకు కావాల్సింది అందుబాటు. రెండో ఆయనకు ఆపదలో నిలబడే గుణం. మూడో ఆయనకు నిజాయితీ. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండాలని రూలేమీ లేదు. రోజూ ఫోన్ ఎత్తే మనిషి వరద రాత్రి చేతులెత్తేయొచ్చు. పైసా ముట్టని మనిషి ఒక్క నిర్ణయమూ తీసుకోకుండా ఐదేళ్లు గడిపేయొచ్చు. "మంచి లీడర్" అనే మాట మీద ఇంత తగాదా నడవడానికి సగం కారణం ఈ కలగాపులగమే.

పదవి, అధికారం, పలుకుబడి: మూడూ వేరు

ముందు మాటలు విడదీసుకుందాం. పదవి అంటే కుర్చీ. అధికారం అంటే ఆ కుర్చీకి చట్టం ఇచ్చిన పని, సంతకం. పలుకుబడి అంటే చట్టంలో ఎక్కడా రాసి లేకపోయినా మనిషి మాట చెల్లడం.

సర్పంచ్‌నే తీసుకోండి. వీధి దీపాలు, మురికి కాల్వలు, చెత్త ట్రాక్టర్, నర్సరీ ఆయన పంచాయతీ పనులే. 2018 పంచాయతీరాజ్ చట్టం ఆయనతో పాటు ఉప సర్పంచ్‌కూ చెక్ పవర్ ఇచ్చింది కాబట్టి డబ్బు కూడా ఒక్క సంతకంతో కదలదు. రేషన్ కార్డు మంజూరు, పట్టా పాస్‌బుక్‌లో తప్పు దిద్దడం మాత్రం రెవెన్యూ, పౌర సరఫరాల వాళ్ల పని. అక్కడ సర్పంచ్‌కు అధికారం లేదు, ఉన్నదల్లా పలుకుబడి. మనం సర్పంచ్‌ను తిట్టేది ఎక్కువగా ఈ రెండో రకం పనులకే. ఆయన చేతిలో ఉన్న వీధి దీపం గురించి గ్రామసభలో అడిగేవాళ్లు తక్కువ.

ఆపద వచ్చినప్పుడు లెక్క ఇంకాస్త మారుతుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు కలెక్టర్. ఎన్నికైన జడ్పీ చైర్‌పర్సన్ సహ అధ్యక్షులు. దారులు మూయించడం, జనాన్ని ఖాళీ చేయించడం, వాహనాలు, భవనాలు స్వాధీనం చేసుకోవడం లాంటి అధికారాలు ఈ సంస్థకు ఉన్నాయి. వరదలో టీవీల ముందు కనిపించేది మంత్రి, ఎమ్మెల్యే. కాగితం మీద ఆర్డర్ ఇచ్చేది కలెక్టర్. రాత్రి పదకొండు గంటలకు కట్ట మీద టార్చిలైట్ పట్టుకుని నిలబడేది మాత్రం సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, చెరువు నీళ్లు చూసుకునే నీరటి.

కట్ట మీద ఒక రాత్రి: లెక్కేసి చూద్దాం

ఒక ఊరు అనుకుందాం. ఉన్న ఊరు కాదు, లెక్క కోసం మనం కల్పించుకున్నది. రెండు రోజులుగా ముసురు. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతోంది. రాత్రి పదకొండుకు కట్ట నడుమ బుంగ పడింది, బురద నీళ్లు బయటికి వస్తున్నాయి. కట్ట కింద 60 ఇళ్లున్నాయి. మత్తడి పక్కన గండి కొడితే చెరువు మట్టం దిగుతుంది, ఇళ్లకు ప్రమాదం తప్పుతుంది. కానీ ఆ నీళ్లు వెళ్లి 40 ఎకరాల పొట్టకొచ్చిన వరి మీద పడతాయి. ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చి చూసి, "నిలబడొచ్చు. కానీ గ్యారంటీ ఇవ్వలేను" అన్నాడు.

ఎకరాకు 22 క్వింటాళ్లు అనుకుంటే 40 ఎకరాలకు 880 క్వింటాళ్లు. 2025–26 సీజన్‌కు సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. అంటే గండి కొడితే దాదాపు 21 లక్షల పంట ఖాయంగా పోతుంది. కట్ట తెగితే ఒక్కో ఇంటికి 3 లక్షల నష్టం అనుకుందాం, మొత్తం కోటీ 80 లక్షలు. తెగే అవకాశం నాలుగింట ఒక వంతు అని ఏఈ అంటే, దాన్ని 45 లక్షల నష్టంగా లెక్కేయాలి. గండి కొట్టడమే నయం. అదే ఏఈ "పదింట ఒక వంతే" అంటే లెక్క 18 లక్షలకు దిగుతుంది, అప్పుడు గండి కొట్టకపోవడమే నయం. ఒక్క మనిషి అంచనాలో చిన్న తేడాతో నిర్ణయం తలకిందులైంది చూడండి. ఆపదలో నిర్ణయం కష్టం అనేది అందుకే. చీకట్లో, వానలో, సగం సమాచారంతో తీసుకోవాలి మరి.

ఈ లెక్క చెప్పనివి కూడా ఉన్నాయి. ప్రాణాలకు లక్షల్లో రేటు కట్టలేం. కాబట్టి గండి సంగతి తేలకముందే చేయాల్సిన పని ఒకటుంది. అరవై ఇళ్ల వాళ్లను లేపి బడిలోకి పంపడం. వాన తగ్గితే పొద్దున్నే ఇళ్లకు వచ్చేస్తారు. నిద్ర పాడైందని నాలుగు తిట్లు తిడతారు, అంతకుమించి నష్టం లేదు. కొట్టిన గండిని మాత్రం ఆ రాత్రికి పూడ్చలేరు. వెనక్కి తీసుకోగల నిర్ణయం ఆలోచించకుండా తీసుకోవచ్చు, వెనక్కి తీసుకోలేని దానికి ఏఈతో, తహసీల్దార్‌తో మాట్లాడి సంతకం తీసుకోవాలి. ఈ రెంటికీ తేడా తెలియని లీడర్లు రెండు రకాలుగా చెడగొడతారు. కొందరు జనాన్ని లేపడానికే పైనుంచి ఫోన్ రావాలని చూస్తారు. కొందరు ఎవరినీ అడగకుండా జేసీబీ తెప్పిస్తారు.

రెండో సంగతి ఇంకా ఇబ్బందికరం. ఆ 40 ఎకరాలు ఎవరివి? కట్ట కింద ఇళ్లున్న వాళ్లవి కావు. ఒకరిని కాపాడటానికి మరొకరి పంట ముంచుతున్నాం. అందులో సగం కౌలుదారు వేసిన పంట అయితే, రేపు వచ్చే పరిహారం పట్టాదారు ఖాతాలో పడి కౌలుదారు చేతికి రాకపోవచ్చు. ఆ పొలాల్లో నాలుగెకరాలు సర్పంచ్ బావమరిదివి అయితే? గండి కొట్టకపోతే "బామ్మర్ది కోసం ఊరిని ముంచబోయిండు" అంటారు. కొడితే ఇంట్లో అన్నం పుట్టదు. నిజాయితీ అనేది పైసలకే సంబంధించిన గుణం అనుకునే మన చాయ్ హోటల్ మూడో ఆయన ఈ కట్ట మీదికి ఒకసారి రావాలి.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది. ఆ బుంగ నిజానికి సాయంత్రం నాలుగింటికే నీరటికి కనిపించి ఉండొచ్చు. పోయినేడు ఇలాగే చెబితే ఏమీ కాలేదు, "ఉత్త పుణ్యానికి టెన్షన్ పెట్టినవ్" అని నలుగురిలో తిట్లు తిన్నాడు. ఈసారి నోరు మూసుకున్నాడు. ఏడు గంటలు పోయాయి. గట్టి మనిషి, ఒక్క మాటతో అందరినీ కదిలించే మనిషి కావాలని ఆపదలో అందరం అనుకుంటాం. అందులో తప్పు లేదు, కట్ట మీద మీటింగ్ పెట్టి ఓట్లు వేయలేం. కానీ మామూలు రోజుల్లో చెడు వార్త తెచ్చిన వాడి మీద విరుచుకుపడే గట్టి మనిషి దగ్గరికి, ఆపద రోజు వార్త ఆలస్యంగానే చేరుతుంది. అందుకే నలుగురిని అడిగి చేసే లీడర్ కావాలా, తానొక్కడే తేల్చేసే లీడర్ కావాలా అన్న వాదనకు ఒక్క మాటలో జవాబు దొరకదు. ఆ మనిషి నీరటి మాట వినే వాడా అన్నది వేరే ప్రశ్న.

తెల్లారింది, వాన ఆగింది. గండి కొట్టారు కాబట్టి వరి మునిగింది. ఇళ్లు పొడిగా ఉన్నాయి. "ఆగే వానకు పంట నాశనం చేసిండు" అని ఊరు అంటుంది. కట్ట తెగి ఉండేదో కాదో ఇక ఎవరికీ తెలియదు. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూచడం మనందరికీ అలవాటు. రాత్రి ఏ టైమ్‌కు ఎంత మట్టం ఉంది, ఏఈ ఏమన్నాడు, ఎవరు ఒప్పుకున్నారు అని పంచాయతీ రిజిస్టర్‌లో నాలుగు లైన్లు రాసి ఉంటే తప్ప, ఆ నిర్ణయం మంచిదో చెడ్డదో తర్వాత తేల్చే దారి లేదు.

శ్రీశైలం, 2009: ఖాళీగా ఉంచాలా, నింపాలా

పైది ఊహ. ఇలాంటిదే పెద్ద ఎత్తున నిజంగా జరిగింది. 2009 అక్టోబర్ మొదట్లో కృష్ణా, తుంగభద్ర ఒకేసారి పొంగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. డ్యాం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు 896 అడుగులు దాటాయి. కర్నూలు మునిగింది, ఇటు ఒడ్డున మన అలంపూర్ మునిగింది. నవబ్రహ్మ ఆలయాల ఊరు నీళ్లలో ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయి సరిగ్గా నెల, రోశయ్య ముఖ్యమంత్రిగా కుదురుకోలేదు కూడా.

ముందే జలాశయాన్ని ఖాళీ చేసి ఉంచితే ఇంత నష్టం ఉండేది కాదన్నది ఒక వాదన. దానికి బలం ఉంది. వరద కోసం కొంత జాగా వదలడం జలాశయాల నిర్వహణలో మామూలు సూత్రమే. అయితే ఆ ఏడాది దేశమంతా వర్షాభావం, ఆగస్టు దాకా రైతులు మొగులు వైపు చూస్తూనే ఉన్నారు. చేతికొచ్చిన నీళ్లను సెప్టెంబర్‌లో కిందికి వదిలేసి, అక్టోబర్‌లో వాన పడకపోయి ఉంటే? సాగుకు, కరెంటుకు, తాగునీటికి నీళ్లు పారబోశారని అదే జనం అదే ప్రభుత్వాన్ని నిలదీసేవారు. కట్ట మీది సర్పంచ్ చిక్కే ఇది, ఎకరాలు మాత్రం లక్షల్లో.

ఇక్కడ నాయకుడి పని గేట్లు ఎత్తడం కాదు, అది ఇంజినీర్ల పని. ఏ నెలలో ఎంత ఖాళీ ఉంచాలి, ఎవరి మాట చివరి మాట అన్నది వానాకాలానికి ముందే తేల్చి పెట్టడం నాయకుడి పని. ఆ పనికి ఫొటోలు రావు.

"వచ్చిండా, రాలేదా?"

ఆపదలో మన వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇది. ఎమ్మెల్యే వచ్చిండా, కలెక్టర్ వచ్చిండా. చూపుకు రావడం దండగ అని కొట్టిపారేయలేం. పెద్ద మనిషి వస్తే కింది ఆఫీసులు కదులుతాయి, ఆగిన ఫైలుకు కాళ్లొస్తాయి. ఇల్లు పోయిన ముసలమ్మకు తన మాట ఒకరు విన్నారన్న ధైర్యం. అదే సమయంలో పది బండ్ల కాన్వాయ్ సన్నని రోడ్డు మీద ఆగితే అంబులెన్స్ వెనకే ఉండిపోతుంది, సహాయం చేయాల్సిన తహసీల్దార్ ప్రొటోకాల్ డ్యూటీలో పడతాడు. రావడం కన్నా ఎప్పుడు వచ్చారు, వచ్చి ఏం తేల్చి వెళ్లారన్నది చూడాలి.

జడ్చర్ల దగ్గర కూలిన వంతెన, శాస్త్రి రాజీనామా

బాధ్యత అనే మాటకు మన భాషలో ఒక చిత్రం ఉంది. "బాధ్యత గల మనిషి" అంటే పొగడ్త. "ప్రమాదానికి బాధ్యులు" అంటే కేసు. ఒకే వేరు నుంచి దండ, బేడీలు రెండూ పుట్టాయి. ఈ తికమకను బాగా చూపించే సంఘటన మన పాలమూరులోనే మొదలైంది, కానీ ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలియదు.

1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు కాకముందే, నవంబర్ 23న, మద్రాసు రాష్ట్రంలోని అరియలూర్ దగ్గర ఇంకో రైలు వరదలో పడింది. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూ ఆమోదించారు. ప్రమాదానికి శాస్త్రి కారకుడని కాదు, ప్రజా జీవితంలో ఒక మర్యాద నిలబడాలని ఆమోదిస్తున్నానని పార్లమెంటులో చెప్పారు.

రాజకీయ ప్రసంగాల్లో శాస్త్రి పేరు వినిపించేది ఎక్కువగా అరియలూర్‌తోనే. ఆ పద్ధతిని మెచ్చుకునే వాళ్ల మాట ఇది: శాఖ చేసిన దానికి మంత్రి జవాబు చెప్పకపోతే చివరికి గ్యాంగ్‌మన్ సస్పెండ్ అవుతాడు, అంతటితో కథ ముగుస్తుంది. పై కుర్చీ కదిలితేనే కింద అందరూ జాగ్రత్త పడతారు. ఎదుటి పక్షం వాదన కూడా తేలికైంది కాదు. మంత్రి పోతే కొత్త మంత్రి వస్తాడు, శాఖ గురించి మొదటి నుంచి నేర్చుకుంటాడు. వంతెనలు ఎప్పటిలాగే ఉంటాయి. కొన్నిసార్లు రాజీనామా అనేది జవాబు చెప్పకుండా తప్పుకునే దారి కూడా.

నాకు మాత్రం ఆ రెండు తేదీల నడుమ ఉన్న పన్నెండు వారాల మీదే దృష్టి. మొదటి ప్రమాదం తర్వాత వాగుల మీద ఉన్న ఎన్ని వంతెనలను చూశారు, వాన పడే రాత్రి రైళ్లను ఎక్కడ ఆపాలని చెప్పారు? రాజీనామా గొప్పదా కాదా అన్న చర్చలో ఈ ప్రశ్న మరుగున పడిపోతుంది. శాస్త్రి తర్వాత మళ్లీ మంత్రి అయ్యారు, 1964లో ప్రధాని అయ్యారు. అంటే తప్పుకోవడం ఆయన రాజకీయ జీవితాన్ని ముగించలేదు. ఈ లెక్క తెలిసి కూడా తర్వాతి తరాల్లో ఆ దారి పట్టిన వాళ్లు చాలా తక్కువ.

దోమలపెంట: ఆశ చెప్పాలా, నిజం చెప్పాలా

2025 ఫిబ్రవరి 22 ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వైపు ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగంలో పైకప్పు కూలింది. శ్రీశైలం నీళ్లను నల్గొండ వైపు తెచ్చేందుకు తవ్వుతున్న దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. లోపల సుమారు 14 కిలోమీటర్ల దూరంలో ఎనిమిది మంది చిక్కుకున్నారు. నీళ్లు, బురద, విరిగిన బోరింగ్ మిషన్. జాతీయ విపత్తు దళం, ఆర్మీ, సింగరేణి కార్మికులు, చేతులతో ఇరుకు బొరియలు తవ్వే ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ పోలీసు జాగిలాలు అన్నీ వచ్చాయి. మంత్రులు ఉత్తమ్‌కుమార్ రెడ్డి, జూపల్లి కృష్ణారావు అక్కడే మకాం వేశారు.

ప్రమాదం జరిగిన రెండు మూడు రోజుల్లోనే జూపల్లి ఒక మాట అన్నారు. తాను లోపలి దాకా వెళ్లి చూశానని, లోపలి వాళ్లు బతికి ఉండే అవకాశం చాలా చాలా తక్కువని. ఆపద సమయంలో మన నాయకుల నోట అరుదుగా వినే రకం మాట. "అందరినీ క్షేమంగా తెస్తాం" అనడమే ఆనవాయితీ.

ఆ మాటను రెండు వైపులా చూడొచ్చు. పరాయి రాష్ట్రాల నుంచి వచ్చి సొరంగం బయట కూర్చున్న కుటుంబాలకు అది పిడుగు. గాలింపు చేసే వాళ్ల పట్టు సడలుతుందన్న భయం కూడా సబబే. ఇంకోవైపు, పది రోజులు ఆశ పెట్టి పదకొండో రోజు చెబితే ఆ తర్వాత ప్రభుత్వం చెప్పే ఏ మాటనూ ఎవరూ నమ్మరు. గాలింపు మాత్రం ఆగలేదు. మార్చి 9న ఒకరి మృతదేహం, 25న మరొకరిది దొరికాయి. నా మటుకు ఆ మాట చెప్పడమే సరైంది అనిపిస్తుంది. అయితే మైకుల ముందు చెప్పకముందు ఆ ఎనిమిది కుటుంబాలను కూర్చోబెట్టి, వాళ్ల భాషలో చెప్పాలి. నిజం చెప్పడం ఎంత ముఖ్యమో, ఎవరికి ముందు చెప్పామన్నదీ అంతే ముఖ్యం.

పని ఎవరి హయాంలో ఎందుకు ఆలస్యమైందన్న పార్టీల తగాదా కూడా అప్పుడే మొదలైంది. అది అనవసరమని అనను. కానీ లోపల మనుషులు ఉండగా ఆ తగాదాకు దిగిన ఏ పార్టీకీ మార్కులు పడవు.

చప్పుడు లేని ఆపద: నల్గొండ నీళ్లు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్కరోజులో పడే ఆపదలు. ఏళ్ల తరబడి మెల్లగా తినే ఆపద వేరు. నల్గొండ నేల కింది రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. కరువొచ్చి బోరు లోతుకు పోయిన కొద్దీ అది తాగే నీళ్లలోకి ఎక్కువగా వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. దాటిన నీళ్లు ఏళ్ల పాటు తాగితే పండ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. 1950ల నుంచే వైద్య పత్రికల్లో మన జిల్లా పేరుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరు. పద్ధతి పనిచేసేదే. కానీ ఊరూరా రోజూ సరిగ్గా మందు కలిపి, అడుగున చేరిన మడ్డి తీసే మనిషి ఉండాలి. దాన్ని నడిపించడం ఏళ్ల తరబడి ఎవరి ముఖ్యమైన పనీ కాలేకపోయింది.

ఇలాంటి ఆపదలో "వచ్చిండా, రాలేదా" అన్న ప్రశ్నకు అర్థం లేదు. వంగిన ఎముకకు ఫలానా తేదీ అంటూ ఉండదు, కాన్వాయ్ రాదు. ఐదేళ్ల పదవిలో ఉన్న మనిషికి ఇరవై ఏళ్ల తర్వాత కనిపించే ఫలితం మీద డబ్బు పెట్టాలనిపించడం కష్టం. ఇది మనుషుల గుణం కన్నా ఎన్నికల పంచాంగం తెచ్చిన చిక్కు. కృష్ణా నీళ్లు పైపుల్లో ఇంటింటికీ తెచ్చే మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేశారు. సమస్య కాగితాలకెక్కి అప్పటికి అరవై ఏళ్లు.

ఆ నడుమ 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం నల్గొండ జనం చేసిన పని దేశమంతా మారుమోగింది. ఒక్క సీటుకు 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. చివరికి గెలిచింది సీపీఐ నేత బొమ్మగాని ధర్మభిక్షం. ఢిల్లీ కూడా కదిలింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. బ్యాలెట్ పొడవు సమస్య ఆ దెబ్బతో తీరింది. నీళ్ల పని మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచింది.